లోపట భయములు

పోయిన ఆదివారం సాయంత్రం ప్రార్థన కూడికలో ఒక అన్న సాక్ష్యం చెప్పాడు. గుండె ఆపరేషన్ అయ్యాక ఆరు వారాలకి మొదటిసారి సంఘానికి వచ్చాడు. మనిషి సగానికి తగ్గిపోయాడు. మైకు పట్టుకున్న చెయ్యి వణుకుతోంది. అతన్ని మళ్ళీ మా మధ్య చూసి అందరం సంతోషించాం, నాకైతే కళ్ళలో నీళ్ళు తిరిగాయి. చివర్లో ఒక మాట అన్నాడు. "థియేటర్ లోపలికి తీసుకెళ్తున్నప్పుడు కూడా నేను ఒక్క క్షణం భయపడలేదు. విశ్వాసం ఉన్నవాడికి భయం ఎందుకుంటుంది?" అందరూ ఆమేన్ అన్నారు. అలవాటు కొద్దీ నేనూ అన్నాను.

నా పక్కన కూర్చున్న అమ్మాయి అనలేదు. ఆమె నాలుగేళ్ళ కొడుక్కి గుండెలో రంధ్రం ఉంది, ఆపరేషన్‌కి తేదీ ఇచ్చారు. ఒళ్ళో నిద్రపోతున్న పిల్లాడి వీపు మీద చెయ్యి వేసుకుని తల దించుకుంది. కూడిక అయ్యాక మెట్ల దగ్గర నా కోసం ఆగి అడిగింది. "అక్కా, నాకు రాత్రిళ్ళు నిద్ర పట్టట్లేదు. వాడు ఊపిరి తీస్తున్నాడా లేదా అని లేచి లేచి చూస్తున్నాను. అంటే నాకు విశ్వాసం లేనట్టేనా?"

"అదేం లేదమ్మా" అన్నాను. అంతకంటే చెప్పే వీలు దొరకలేదు. బాబు లేచి ఏడుస్తున్నాడు, వాళ్ళాయన బండి మీద ఎదురుచూస్తున్నాడు. ఇంటికి వచ్చాక చాలాసేపు ఆ ప్రశ్న నన్ను వదల్లేదు. ఎందుకంటే ఒకప్పుడు అది అక్షరం పొల్లుపోకుండా నా ప్రశ్న. మెట్ల మీద చెప్పలేకపోయిన మిగతా జవాబే ఇప్పుడు రాస్తున్నాను.

తొమ్మిది రోజులు

మూడేళ్ళ క్రితం నా మెడ పక్కన ఒక గడ్డ తగిలింది. నొప్పి లేదు. నొప్పి లేదని చెప్పినప్పుడు డాక్టర్ మొహం మారడం నేను చూశాను. ముక్క తీసి పరీక్షకి పంపారు. రిపోర్టుకి తొమ్మిది రోజులు పడుతుందన్నారు.

పగలు ఎలాగో గడిచిపోయేది. ఇంటి పని, ఆఫీసు పని, ఫోన్లు. రాత్రి సరిగ్గా మూడింటికి, ఎవరో పేరు పెట్టి పిలిచినట్టు మెలకువ వచ్చేది. కాళ్ళు చల్లబడి, నోరు ఎండిపోయేది. గడ్డ పెరిగిందేమో అని చెయ్యి దానంతట అదే మెడ మీదికి వెళ్ళేది. ప్రార్థన చేద్దామని లేచి కూర్చుంటే మాటలు వచ్చేవి కావు. చిన్నప్పుడే కంఠతా పట్టిన కీర్తన కూడా సగంలో తెగిపోయేది. "యెహోవా నా కాపరి, నాకు లేమి కలుగదు" అనేదాకా వచ్చేసరికి నేను లేకపోతే పిల్లలకి జడలు ఎవరు వేస్తారన్న ఆలోచన అడ్డం పడేది. ఎంత చిన్న విషయమో చూడండి. ఆ వేళప్పుడు మరణం గురించి పెద్ద పెద్ద ఆలోచనలేం రావు. జడలే గుర్తొస్తాయి.

నాలుగో రోజు మా సంఘంలో ఒక పెద్దావిడ వచ్చారు. నన్ను చిన్నప్పటి నుంచి ఎరిగిన మనిషి. నా చేతులు పట్టుకుని ప్రార్థన చేశారు. నా చేతులు వణుకుతున్నాయి, ఆవిడకి తెలుస్తోంది. ప్రార్థన అయ్యాక ప్రేమగానే అన్నారు. "భయపడకూడదమ్మా. భయం సాతాను పెట్టేది. నువ్వు ఇంత భయపడుతున్నావంటే విశ్వాసంలో ఎక్కడో లోటు ఉందన్నమాట. ముందు అది సరిచేసుకో, స్వస్థత దానంతట అదే వస్తుంది."

ఆవిడ మనసు మంచిదని నాకు అప్పుడూ తెలుసు, ఇప్పుడూ తెలుసు. కానీ ఆవిడ వెళ్ళిపోయాక నాకు ఒక భయం బదులు రెండు భయాలు అయ్యాయి. రోగం ఒకటి. ఆ రోగం తగ్గకపోతే అది నా భయం వల్లేనన్నది రెండోది. ఆ రోజు నుంచి భయాన్ని దాచడం మొదలుపెట్టాను. ఎవరైనా "ఎలా ఉన్నావమ్మా" అంటే "దేవుని కృప" అని నవ్వేదాన్ని. మా ఆయన దగ్గర దాచాను. చివరికి దేవుడి దగ్గర కూడా దాచాను. మూడింటికి లేచి, వణుకుతూ, "ప్రభువా, నేను ధైర్యంగా ఉన్నాను" అని ప్రార్థన చేశాను. నా జీవితంలో నేను చేసిన ప్రార్థనల్లో ఒక్క నిజం కూడా లేని ప్రార్థన అదొక్కటే.

భయానికీ విశ్వాసానికీ పడదని, ఒకటి ఉన్నచోట ఇంకోటి ఉండదని మనం ఒకరికొకరం నేర్పుకుంటున్నాం. అది తప్పని నా నమ్మకం. దేవుని ఆదరణ భయం పోయినవాళ్ళకే దొరికేదైతే దాని అవసరం ఎవరికుంది? నెమ్మదిగా ఉన్నవాళ్ళకి నెమ్మది ఇవ్వడం ఎందుకు?

ఎవరికి చెప్పిన మాట

"బైబిల్లో భయపడకుము అని 365 సార్లు ఉంది, రోజుకొకటి చొప్పున" అని మనందరం ఎన్నోసార్లు విన్నాం. లెక్కపెట్టిన వాళ్ళకి ఆ సంఖ్య రాదు. అది ఎక్కడ పుట్టిందో గానీ నోటి నుంచి నోటికి తిరుగుతోంది. సంఖ్య సంగతి పక్కన పెడదాం. ఆ మాట ఎవరితో చెప్పబడిందో చూస్తే నాకు ఎక్కువ ధైర్యం వస్తుంది. ఎర్ర సముద్రం ముందు, వెనక ఫరో సైన్యం ఉన్నవాళ్ళతో. పొలంలో రాత్రిపూట మందను కాచుకుంటూ ఉన్నట్టుండి వెలుగు చూసి హడలిపోయిన గొర్రెల కాపరులతో. కూతురు చనిపోయిందని అప్పుడే కబురు విన్న యాయీరుతో. వీళ్ళంతా భయపడుతున్నవాళ్ళే. భయపడనివాడితో భయపడకు అని ఎవరంటారు?

పిల్లాడు రాత్రి పీడకల వచ్చి లేస్తే తల్లి "భయపడకు నాన్నా, నేనున్నాను కదా" అంటుంది. అది ఆజ్ఞ అని పిల్లాడు అనుకోడు. ఇంకా వెక్కుతూనే ఉంటే ఆజ్ఞ మీరాడని తల్లీ అనుకోదు. ఆ వాక్యంలో బరువంతా రెండో సగం మీద ఉంది. యెషయా 41:10 మన తెలుగు బైబిల్లో ఎలా ఉందో చూడండి: "నీకు తోడైయున్నాను భయపడకుము." తోడు ముందు వచ్చింది. ఇన్నేళ్ళు ఆ వచనాన్ని గోడ మీద కేలెండర్లలో చదివి కూడా నేను ఆ వరస గమనించలేదు.

56వ కీర్తనలో దావీదు అంటాడు: "నాకు భయము సంభవించు దినమున నిన్ను ఆశ్రయించుచున్నాను." తర్వాతి వచనంలోనే "నేను భయపడను" అంటాడు. ఈ రెండు వచనాల మధ్య అతను ఎన్నిసార్లు ఇటు నుంచి అటు, అటు నుంచి ఇటు తిరిగాడో మనకి తెలియదు. నాకైతే ఒక్కో రాత్రిలో ఇరవై సార్లు అయ్యేది.

ఇక్కడ నాకు అడ్డం వచ్చే వచనాలు ఉన్నాయి. దాటవేస్తే నిజాయితీ కాదు. మొదటిది తుఫాను. పడవ నీళ్ళతో నిండిపోతుంటే శిష్యులు "బోధకుడా, మేము నశించిపోవుచున్నాము, నీకు చింతలేదా?" అంటారు. యేసు వాళ్ళని "మీరెందుకు భయపడుచున్నారు? మీరింకను నమ్మికలేక యున్నారా?" అని అడుగుతాడు. ఇది గద్దింపే, మెత్తగా మార్చి చదవలేను. మార్కు రాసిన దాంట్లో ఆయన ముందు గాలిని ఆపి, తర్వాత ఈ మాట అంటాడు. ఇదొక్కటే చదివినన్నాళ్ళు నేను "చూడండి, ముందు రక్షించాడు, తర్వాతే మందలించాడు" అని వాదించేదాన్ని. కానీ మత్తయిలో వరస తిరగబడి ఉంటుంది. ముందు మందలింపు, తర్వాత నిమ్మళం. కాబట్టి ఆ వాదన నిలబడదు. మరి ఏం నిలబడుతుంది? రెండు సువార్తల్లోనూ ఆయన వాళ్ళ నమ్మిక పెరిగేదాకా గాలిని అలాగే ఉంచలేదు. అల్పవిశ్వాసం ఉన్న పడవే ఒడ్డుకి చేరింది. మా పెద్దావిడ చెప్పిన లెక్క ప్రకారం అది మునిగిపోవాలి.

రెండోది తిమోతికి పౌలు రాసిన మాట: దేవుడు మనకు పిరికితనముగల ఆత్మ నియ్యలేదు. దీన్ని చాలామంది "భయపు ఆత్మ" అని చెప్తారు. మన బైబిల్ పిరికితనం అనే అంది, అది సరైన మాట కూడా. పిరికితనం అంటే చెయ్యాల్సిన పనిని భయం వల్ల వదిలేసి పారిపోవడం. గుండె దడదడలాడుతూనే కొడుకుని ఆపరేషన్‌కి ఎత్తుకెళ్ళే తల్లిని పిరికిది అని ఎవరనగలరు? మూడోది "పరిపూర్ణ ప్రేమ భయమును వెళ్లగొట్టును." యోహాను ఆ మాటకి ముందు వచనంలో తీర్పుదినం గురించి మాట్లాడుతున్నాడు. భయం దండనతో కూడినది అని కూడా చెప్తున్నాడు. దేవుడు నన్ను శిక్షిస్తాడేమో అన్న భయాన్ని ప్రేమ తీసేస్తుంది. బయాప్సీ రిపోర్టు గురించిన భయాన్ని కూడా అదే వచనం కింద వేసి, నీ ప్రేమ పరిపూర్ణం కాలేదు అనడం అన్యాయం.

తన బిడ్డని బాగుచేయమని వచ్చిన ఒక తండ్రి కూడా ఉన్నాడు మార్కు తొమ్మిదో అధ్యాయంలో. "నమ్ముచున్నాను, నాకు అపనమ్మకము ఉండకుండ సహాయము చేయుము" అన్నాడు. ఒకే ఊపిరిలో రెండూ. ముందు లోటు సరిచేసుకుని రా అని యేసు అతన్ని వెనక్కి పంపలేదు.

ఆ తోటలో

ఇవన్నీ ఒక ఎత్తు. నన్ను నిజంగా పట్టుకుని నిలబెట్టింది మాత్రం గెత్సేమనే, యేసు పట్టుబడే ముందు ప్రార్థించిన తోట.

ఆరో రాత్రి అది. దాచి దాచి అలసిపోయాను. ఏదో ఒకటి చదువుదామని బైబిల్ తెరిస్తే కళ్ళు మత్తయి 26 మీద పడ్డాయి. వందసార్లు విన్న భాగం. మంచి శుక్రవారానికి ముందు ప్రతి ఏడూ చదివేదే. ఆ రాత్రి మాత్రం ఒక వచనం కొత్తగా కనిపించింది: "మరణమగునంతగా నా ప్రాణము బహు దుఃఖములో మునిగియున్నది, మీరు ఇక్కడ నిలిచి, నాతో కూడ మెలకువగా నుండుడి."

యేసు తన భయాన్ని దాచలేదు. తనకంటే తక్కువవాళ్ళైన ముగ్గురు శిష్యులకి పైకే చెప్పాడు. సాగిలపడి, ఈ గిన్నె తొలగిపోనిమ్మని అడిగాడు. ఒకసారి అడిగి సరిపెట్టుకోలేదు, మూడుసార్లు వెళ్ళి అవే మాటలు చెప్పాడు. లూకాలో ఒక దూత వచ్చి ఆయన్ని బలపరచినట్టు ఉంది. ఆ బలం వచ్చిన తర్వాత జరిగింది ఏంటంటే, ఆయన ఇంకా వేదనపడి, ఇంకా ఆతురంగా ప్రార్థించాడు, చెమట రక్తబిందువుల్లా నేల మీద పడింది. (ఈ రెండు వచనాలు కొన్ని పాత ప్రతుల్లో లేవు. ఆ సంగతి తెలిసే రాస్తున్నాను.) దేవుడు బలపరిస్తే వణుకు ఆగిపోతుందని నేను అనుకునేదాన్ని. అక్కడ అలా జరగలేదు. ఆ బలంతో ఆయన చేసింది భయాన్ని మోస్తూ ప్రార్థనలో ఉండిపోవడం.

హెబ్రీయులకు రాసిన పత్రికలో దీని గురించే కాబోలు, ఆయన మహా రోదనముతోను కన్నీళ్లతోను ప్రార్థించాడనీ అంగీకరింపబడ్డాడనీ ఉంది. గిన్నె మాత్రం తొలగలేదు. అంగీకరించడం అంటే అడిగింది ఇచ్చేయడమే అయితే ఈ వచనానికి అర్థం లేదు. ఈ ఒక్క చోట నేను ఇప్పటికీ ఆగిపోతాను. పూర్తిగా అర్థమైందని చెప్పలేను. కానీ ఆ రాత్రి నాకు అర్థమవ్వాల్సినంత అయింది. దేవుని కుమారుడే నేల మీద పడి ఏడ్చిన చోట నేను నిలబడి నవ్వాల్సిన అవసరం లేదు. మంచం దిగి కింద కూర్చుని, "నాకు చాలా భయంగా ఉంది" అన్నాను. ఆరు రోజుల్లో అదే నా మొదటి నిజమైన ప్రార్థన. గడ్డ అలాగే ఉంది. భయం కూడా చాలావరకు అలాగే ఉంది. కానీ దాంతో ఒంటరిగా లేను. ఆ తేడా ఎంత పెద్దదో అనుభవించని వాళ్ళకి ఎలా చెప్పాలో నాకు తెలియదు.

తీతు రాక

తెలుగు బైబిల్ చదివేవాళ్ళకి "ఆదరణ" అనే మాట ఉంది. బయట మామూలుగా ఆదరించడం అంటే ఏంటి? ఇంటికి వచ్చిన మనిషిని లోపలికి పిలిచి, కూర్చోబెట్టి, మంచీచెడ్డా చూసుకోవడం. ధైర్యం చెప్పడం వేరు, అది గుమ్మం బయట నుంచి కూడా చెప్పేయొచ్చు. ఆదరించాలంటే మనిషి దగ్గరికి రావాలి. పరిశుద్ధాత్మకి యోహాను సువార్తలో "ఆదరణకర్త" అని పేరు. దానికి మూలమైన గ్రీకు మాటకి, పక్కన ఉండడానికి పిలవబడినవాడు అని అర్థం. ఆ రెండు భాషలూ ఎలా కలిశాయో అని నాకు ఆశ్చర్యం.

కొరింథీయులకు రాసిన రెండో పత్రిక మొదట్లో, మూడో వచనం నుంచి ఏడో వచనం లోపు పౌలు ఆ గ్రీకు మాటని ఏదో ఒక రూపంలో పదిసార్లు వాడాడు. అన్నిసార్లు ఆదరణ, ఆదరణ అన్న మనిషి వెంటనే ఎనిమిదో వచనంలో, ఆసియాలో తాము బతుకుతామన్న నమ్మకం కూడా పోయి, శక్తికి మించిన భారంతో కుంగిపోయామని రాస్తాడు. ఏడో అధ్యాయంలో ఇంకా సూటిగా చెప్తాడు: "వెలుపట పోరాటములు, లోపట భయములు ఉండెను." మూడుసార్లు ఓడ పగిలి కూడా బయటపడిన అపొస్తలుడి మాట ఇది. ఏ సంఘంలోనైనా ఈ వాక్యాన్ని సాక్ష్యంగా చెప్పిన మనిషిని నేను ఇంతవరకు చూడలేదు. ఆ తర్వాత ఏముందో చూడండి: "అయినను దీనులను ఆదరించు దేవుడు తీతు రాకవలన మమ్మును ఆదరించెను."

తీతు రాకవలన. దర్శనం రాలేదు, దూత రాలేదు. ఒక స్నేహితుడు ప్రయాణం చేసి వచ్చాడు.

నాకూ ఒక తీతు వచ్చింది. మా సంఘంలో ఎప్పుడూ వెనక వరసలో కూర్చునే ఒక ఆంటీ. పెద్దగా మాట్లాడే మనిషి కాదు. ఏడో రోజు వచ్చి కాసేపు కూర్చుని, ఒకే ప్రశ్న అడిగింది. "రాత్రి ఎన్నింటికి మెలకువ వస్తోంది?" భయపడుతున్నావా అని అడగలేదు. భయపడుతున్నానని ఆమెకి తెలుసు. "మూడింటికి" అన్నాను. "ఆ టైముకి నాకు ఫోన్ చెయ్యి. నేను లేచే ఉంటాను" అంది.

ఆ రాత్రి చెయ్యలేదు. మొహమాటం. ఎనిమిదో రాత్రి చేశాను. రెండో రింగుకే ఎత్తింది. "చెప్పమ్మా" అంది. చెప్పడానికి ఏమీ లేదు, ఏడ్చాను. ఆమె ఆపమనలేదు. కొంతసేపటికి 23వ కీర్తన నెమ్మదిగా చదవడం మొదలుపెట్టింది. నాకు సగంలో తెగిపోయే కీర్తనే. "గాఢాంధకారపు లోయలో నేను సంచరించినను" దగ్గర నేను కూడా కలిశాను. ఆ రాత్రే ఒక విషయం గమనించాను. అప్పటిదాకా దావీదు దేవుణ్ణి "ఆయన" అంటాడు. ఆయన నన్ను పరుండజేయుచున్నాడు, ఆయన నన్ను నడిపించుచున్నాడు. లోయలోకి దిగాక మాట మారిపోతుంది: "నీవు నాకు తోడైయుందువు." పచ్చిక దగ్గర దేవుడి గురించి మాట్లాడినవాడు చీకట్లో దేవుడితో మాట్లాడుతున్నాడు.

ఆ ఆంటీకి నిద్ర పట్టని జబ్బు ఏదో ఉందని, అందుకే ఆ వేళకి మెలకువగా ఉంటుందని నేను అనుకున్నాను. నెలల తర్వాత వాళ్ళ అమ్మాయి చెప్పింది. నా చికిత్స అయ్యేవరకు ఆమె రోజూ మూడింటికి ఐదు నిమిషాల ముందు అలారం పెట్టుకునేదట. "నాతో కూడ మెలకువగా నుండుడి" అని ఆ తోటలో యేసు అడిగినప్పుడు శిష్యులు నిద్రపోయారు. ఆయనకి దొరకనిది నాకు దొరికింది.

భయపడనివాళ్ళు

ఇంతా రాశాక, ఆ అన్న సాక్ష్యం అబద్ధమని నేను అంటున్నట్టు ఎవరికైనా అనిపిస్తే, అది నా ఉద్దేశం కాదు. కొందరికి నిజంగానే భయం కలగదు. 1736 జనవరి 25న, తర్వాత మెథడిస్టు ఉద్యమానికి నాయకుడైన జాన్ వెస్లీ ప్రయాణిస్తున్న ఓడ అట్లాంటిక్‌లో తుఫానులో చిక్కుకుంది. పెద్ద తెరచాప ముక్కలైంది, నీళ్ళు లోపలికి వచ్చిపడ్డాయి, ఓడలో ఇంగ్లీషువాళ్ళు కేకలు పెట్టారు. అదే ఓడలో ఉన్న మొరేవియన్ అనే జర్మన్ సంఘం విశ్వాసులు పాడుతున్న కీర్తన ఆపలేదు. మీకు భయం వెయ్యలేదా అని వెస్లీ తర్వాత వాళ్ళలో ఒకర్ని అడిగితే, లేదు, దేవునికి స్తోత్రం అన్నాడు. మీ ఆడవాళ్ళకీ పిల్లలకీ? వాళ్ళకీ చావంటే భయం లేదన్నాడు. వెస్లీకి మాత్రం భయం వేసింది. అప్పటికే ఆయన ప్రభువు సేవకుడిగా అభిషేకం పొందినవాడు. ఆ తేడా ఆయన్ని చాలాకాలం బాధపెట్టింది. తన హృదయం వింతగా వెచ్చబడిందని ఆయన చెప్పుకున్న రాత్రి 1738 మే 24న వచ్చింది. అంటే రెండేళ్ళు దాటాక.

మొరేవియన్ల నెమ్మది దేవుని వరమే. అలాంటి నెమ్మది నాకు కావాలని ఇప్పటికీ అడుగుతాను. ఒకరికి వచ్చిన వరాన్ని ఇంకొకరికి పరీక్షగా పెట్టడమే నాకు నచ్చనిది. హిట్లర్‌ని ఎదిరించి 1943 ఏప్రిల్‌లో జైలుకి వెళ్ళిన పాస్టర్ డీట్రిచ్ బోన్‌హోఫర్ మరుసటి ఏడాది ఆ జైల్లోనే ఒక కవిత రాశాడు. బయటివాళ్ళకి తాను ప్రశాంతంగా కనిపిస్తున్నానట, లోపల మాత్రం పంజరంలో పిట్టలా ఊపిరాడక కొట్టుకుంటున్నాడట. ఈ రెండింట్లో తాను ఎవరో తనకే తెలియలేదు. ఎవరైనా సరే దేవునివాణ్ణే అనుకుని ముగించాడు. 1945 ఏప్రిల్ 9న, 39 ఏళ్ళ వయసులో అతన్ని ఉరితీశారు. ఆ జైల్లో అతని విశ్వాసం తక్కువైందని నేను అనలేను.

ఇంకొక అభ్యంతరం బయట నుంచి వస్తుంది. భయం వేసినప్పుడు మనిషి పరలోకంలో ఒక తండ్రిని ఊహించుకుంటాడు, మతం అక్కడే పుట్టింది అని. మనోవిశ్లేషణ మొదలుపెట్టిన ఫ్రాయిడ్ 1927లో రాసింది దాదాపు ఇదే. నా స్నేహితురాలు ఒకామె, దేవుణ్ణి నమ్మదు, ఇదే మాట నాతో మర్యాదగా అంది. నేను దీన్ని తేలిగ్గా కొట్టిపారేయను. ఓదార్పు ఇస్తుంది కాబట్టి అది నిజం అని రుజువు కాదు, ఒప్పుకుంటాను. కానీ నా భయం కోసం నేనే ఒక దేవుణ్ణి కల్పించుకుని ఉంటే, గడ్డని మాయం చేసే దేవుణ్ణి కల్పించుకునేదాన్ని. తోటలో సాగిలపడి ఏడ్చే దేవుణ్ణి, "నా దేవా, నా దేవా, నన్నెందుకు చెయ్యి విడిచితివి" అని కేకవేసే దేవుణ్ణి ఊహించుకునే ధైర్యం నాకెక్కడిది?

రక్షింపకపోయినను

రిపోర్టు వచ్చింది. లింఫోమా, ఒక రకం క్యాన్సర్. ఆరు విడతలు కీమో ఇచ్చారు. ఇప్పుడు బాగున్నాను. ఆరు నెలలకోసారి స్కాన్ ఉంటుంది. దానికి వారం ముందు నుంచి మూడింటి మెలకువ మళ్ళీ వస్తుంది.

ఆ వార్డులో నా పక్క కుర్చీలో ఒక రిటైరైన టీచర్ ఉండేవారు. సూది ఎక్కించేటప్పుడు కళ్ళు మూసుకుని పెదాలు కదిపేవారు. ఒకసారి నేను అడిగాను, మీకు భయం లేదా మేడమ్ అని. "ఎందుకు లేదమ్మా, బోలెడంత. రోజూ ఆయనకే చెప్తున్నాను" అన్నారు. ఆవిడ ప్రార్థన ముందు నా ప్రార్థన ఎందుకూ పనికిరాదు. నా నాలుగో విడతకి ఆ కుర్చీ ఖాళీగా ఉంది. సమాధి కార్యక్రమంలో ఎవరో నా వెనక మెల్లగా అన్నారు, ఇంకొంచెం గట్టిగా పట్టుకుని ప్రార్థించి ఉండాల్సింది అని. వెనక్కి తిరిగి మాట్లాడలేదు. మాట్లాడాల్సింది. దానికి నేను ఇప్పటికీ బాధపడతాను.

అగ్నిగుండం ముందు నిలబడిన ముగ్గురు యువకులు, మా దేవుడు రక్షించగలడు అని రాజుతో అన్నారు. వెంటనే "ఒకవేళ ఆయన రక్షింపకపోయినను" అని కూడా అన్నారు. వచనాలు రాసిన కాగితాలు వేసి ఒక్కొక్కటి తీసుకునే మన వాగ్దానాల డబ్బాల్లో ఈ రెండో సగం ఉన్న కాగితం నాకెప్పుడూ రాలేదు. 88వ కీర్తన కూడా రాలేదు. మిగతా విలాప కీర్తనలు చాలావరకు చివరికి ఏదో ఒక వెలుగు వైపు తిరుగుతాయి. ఇది తిరగదు. "చీకటియే నాకు బంధువర్గమాయెను" దగ్గర ఆగిపోతుంది. ఎవరూ దాని కింద ఇంకో రెండు ఆశాజనకమైన వచనాలు చేర్చలేదు. అలాగే లేఖనంలో ఉంచారు. ఆ స్థితిలో ఉన్నవాడు కూడా ప్రార్థిస్తున్నాడనే కదా దాని అర్థం. అతను ఇంకా ఎవరితోనో మాట్లాడుతూనే ఉన్నాడు.

ఇంకొక్క మాట, క్లుప్తంగా. నెలల తరబడి నిద్ర లేకపోతే, గుండెదడ ఆగకపోతే డాక్టర్‌కి చూపించుకోండి. మాత్ర వేసుకుంటే విశ్వాసం తగ్గినట్టు కాదు. ప్రాణభయంతో పారిపోయి, నా ప్రాణం తీసుకో అని చెట్టు కింద పడుకున్న ఏలీయా ప్రవక్తకి దూత వాక్యం చెప్పలేదు. రొట్టె, నీళ్ళు ఇచ్చాడు. తిని మళ్ళీ పడుకోనిచ్చాడు. రెండోసారి లేపి, ప్రయాణం చాలా దూరం, మళ్ళీ తిను అన్నాడు.

గురువారం

ఇదంతా రాసే ముందు ఆ అమ్మాయికి ఫోన్ చేశాను. మెట్ల మీద సరిగ్గా చెప్పలేకపోయానని అన్నాను. మార్కులో ఆ తండ్రి గురించి చెప్పాను. ఆమె కొంచెంసేపు మాట్లాడలేదు. "రెండూ ఒకేసారి చెప్పొచ్చా అక్కా?" అని అడిగింది. అతను చెప్పాడు కదా అన్నాను.

బాబుని ఎన్నింటికి లోపలికి తీసుకెళ్తారో అడిగాను. గురువారం పొద్దున్న ఏడింటికట. నాలుగైదు గంటలు పట్టొచ్చన్నారట. వాళ్ళాయన బయట కూర్చోలేడట, అటూ ఇటూ తిరుగుతూ ఉంటాడట. ఆమె పక్కన ఎవరూ ఉండరు. రాత్రి ఎన్నింటికి లేస్తున్నావు అని కూడా అడిగాను. ఒంటిగంటకి, మళ్ళీ నాలుగింటికి అంది.

రెండు అలారాలు పెట్టుకున్నాను. గురువారానికి సెలవు పెట్టాను.